సాక్ష్యం చెప్పాడు, బంగారం మాట ఎత్తలేదు

ప్రశ్న: నాకు నలభై తొమ్మిదేళ్లు. ప్రభుత్వ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. ఆరేళ్ల కిందట మా మరిది వ్యాపారం మొదలుపెడుతూ పెట్టుబడి చాలక మా ఇంటికి వచ్చాడు. మా అమ్మ పెట్టిన రెండు పేటల గొలుసు, గాజులు, నా జీతంలో మిగుల్చుకుని కొనుక్కున్న హారం, అన్నీ కలిపి పన్నెండు కాసుల బంగారం తాకట్టు పెట్టి ఆ డబ్బు అతని చేతికిచ్చాను. ఏడాదిలో విడిపిస్తానన్నాడు. కనీసం వడ్డీ కట్టలేదు. మొదటిసారి నేనే వడ్డీ కట్టి తిరగరాయించాను. రెండోసారి నా వల్ల కాలేదు. వేలం నోటీసు తీసుకెళ్లి చూపిస్తే "చూద్దాంలే వదినా" అన్నాడు. బంగారం వేలంలో పోయింది. ఆ తర్వాత బంధువులతో "వదిన ప్రేమతో ఇచ్చింది, అప్పు కాదు" అని చెప్పుకున్నాడు.

కొంతకాలంగా అతను మా సంఘంలో చాలా చురుకుగా ఉంటున్నాడు. ఈమధ్య ఉజ్జీవ కూటాల్లో (భక్తిని మేల్కొలిపే సభల్లో), దేవుడు తన బతుకును ఎలా మార్చాడో అందరి ముందు సాక్ష్యం చెబుతూ "చాలామందిని మోసం చేశాను, ప్రభువు నా పాపాలన్నీ క్షమించాడు" అని ఏడ్చాడు. అందరూ స్తోత్రం అన్నారు. నేను మూడో వరసలో కూర్చుని ఉన్నాను. నా వైపు చూడను కూడా లేదు. ఈ క్రిస్మస్‌కి రెండు కుటుంబాలూ కలిసి భోజనం చేయాలని అత్తయ్యగారు పట్టుబడుతున్నారు. పాస్టరు గారు ఇంటికి వచ్చి "దేవుడే క్షమించాక మీరెవరమ్మా? ఇతరులు మనకేం చేయాలని కోరుకుంటామో అదే మనం చేయాలి కదా. క్షమించి మరచిపోండి. లేకపోతే బల్లలో ఎలా పాలు పొందుతారు?" అన్నారు. అప్పటి నుంచి ప్రభువు బల్ల దగ్గరికి, అంటే ఆరాధనలో రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే చోటికి, వెళ్లడం మానేశాను. మా వారు "పోయిందేదో పోయింది, వదిలెయ్" అంటారు. మా అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం. దాచకుండా చెబుతున్నాను, మరిది కూతురు తొమ్మిదో తరగతి పిల్ల, గుడి గేటు దగ్గర "పెద్దమ్మా" అంటూ వస్తే మొహం తిప్పుకున్నాను. స్త్రీల కూటంలో ఈ సంగతి చాలాసార్లు ప్రార్థన అంశంగా చెప్పాను. నేను క్షమించలేని మనిషినా? క్షమిస్తే ఇక బంగారం సంగతి ఎత్తకూడదా?

– ఒక సోదరి, తూర్పు గోదావరి జిల్లా

జవాబు:

సోదరీ, పాస్టరు గారు అడిగిన ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. "దేవుడే క్షమించాక మీరెవరమ్మా" అన్నారు. మీరు బాకీ రావలసిన మనిషి. పోయిన బంగారం మీది, వేలం నోటీసు వచ్చింది మీ పేరు మీద. ఆ లెక్కలోంచి మీ పేరు కొట్టేసే అధికారం పాస్టరు గారికి లేదు, అత్తగారికి లేదు, మీ వారికీ లేదు. దేవుడు కూడా ఆ పని చేయలేదు.

కొండమీద ప్రసంగం తీసి చూడండి. మత్తయి 5వ అధ్యాయం, 23, 24 వచనాలు. అర్పణ పట్టుకుని బలిపీఠం దగ్గరికి వచ్చినవాడికి, తన మీద సహోదరునికి విరోధమేదో ఉందని అక్కడ గుర్తొస్తే, అర్పణ అక్కడే విడిచిపెట్టి మొదట వెళ్లి సమాధానపడమన్నాడు ప్రభువు. ఆ తర్వాతే వచ్చి అర్పించాలి. ఈ ఆజ్ఞ బాధపడినవాడికి ఇచ్చింది కాదు, బాధపెట్టినవాడికి ఇచ్చింది. ఆ మాట విన్నవాళ్లలో గలిలయ జనం ఉన్నారు. వాళ్లు బలి అర్పించాలంటే యెరూషలేము దేవాలయానికి రోజుల తరబడి నడిచి వెళ్లాలి. అంత దూరం వచ్చాక కూడా వెనక్కి వెళ్లి రమ్మన్నాడు. మీ మరిది వేదిక దిగి మూడో వరస దాకా నడిస్తే సరిపోయేది.

అతని కన్నీళ్లను నేను అనుమానించడం లేదు. అవి నిజమే అయి ఉండవచ్చు. అయితే నిజమైన పశ్చాత్తాపం కూడా సగం దారిలో ఆగిపోతుంది, చుట్టూ ఉన్నవాళ్లు ఆ సగానికే స్తోత్రం అంటే. జక్కయ్య సంగతి లూకా సువార్త 19వ అధ్యాయంలో ఉంది. యెరికోలో సుంకపు గుత్తదారుడు, జనం సొమ్ము తిన్నవాడు. ప్రభువు తన ఇంట అడుగుపెట్టాడని సంబరపడి ఊరుకోలేదు. ఆస్తిలో సగం బీదలకు ఇస్తానన్నాడు, ఎవరి దగ్గరైనా అన్యాయంగా తీసుకుని ఉంటే నాలుగంతలు చెల్లిస్తానన్నాడు. మోషే ధర్మశాస్త్రమైతే, తప్పు ఒప్పుకున్నవాడు అసలుకు అయిదో వంతు కలిపి సొంతదారుకు తిరిగి ఇవ్వాలంటుంది. జక్కయ్య ఆ లెక్కను ఎన్నో రెట్లు దాటిపోయాడు. ఆ మాట అతని నోట వచ్చాకే ప్రభువు "నేడు ఈ యింటికి రక్షణ వచ్చియున్నది" అన్నాడు. మీ సంఘ పెద్దలు ఆ సాయంత్రం మీ మరిదిని పక్కకు పిలిచి, "అబ్బాయీ, ఆ చాలామందిలో ఎవరెవరున్నారు, వాళ్ల దగ్గరికి ఎప్పుడు వెళుతున్నావు" అని అడిగి ఉంటే అతనికి ఎంతో మేలు జరిగేది. అడగకపోవడం వల్ల అన్యాయం మీ ఒక్కరికే కాదు, అతనికీ జరిగింది.

ఇలాంటి చోట్ల అందరూ ఎత్తే ఉపమానం ఒకటుంది. రాజు దగ్గర పదివేల తలాంతుల అప్పు మాఫీ చేయించుకున్న దాసుడు, బయటికి వచ్చి, తనకు నూరు దేనారాలు బాకీ ఉన్న తోటిదాసుడి గొంతు పట్టుకుంటాడు. మీకూ ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. దాన్ని నిదానంగా చదవండి. ఆ రోజుల్లో దేనారం ఒక కూలివాడి ఒక రోజు సంపాదన, తలాంతు సుమారు ఆరువేల దేనారాలు. పదివేల తలాంతులంటే ఆరు కోట్ల రోజుల కూలి, ఏ మనిషీ తీర్చలేని అప్పు. నూరు దేనారాలంటే నూరు రోజుల కూలి. దేవుడు మనకు వదిలేసిన దానితో పోలిస్తే చిన్నదే గానీ, పేదవాడి ఇంట్లో అదేం చిన్న మొత్తం కాదు. మీకు జరిగిన నష్టం ఏమీ కాదని ప్రభువు ఎక్కడా అనలేదు.

అదే కథలో ఇంకో రెండు సంగతులున్నాయి. రాజు క్షమించే ముందు లెక్క చూసుకున్నాడు. ఎంత బాకీయో బయటపడ్డాకే మాఫీ చేశాడు. ఇక తోటిదాసుడు ఏమన్నాడు? కాళ్ల మీద పడి, ఓర్చుకో, చెల్లిస్తానన్నాడు. "నువ్వు నాకు ప్రేమతో ఇచ్చావు, అది అప్పే కాదు" అనలేదు. ఆ కథలో గొంతు పట్టుకున్న దాసుడి స్థానంలో మిమ్మల్ని నిలబెట్టడం న్యాయం కాదు. మీరు గొంతు పట్టుకోలేదు, లెక్క చూడమని మాత్రమే అడుగుతున్నారు.

మరి మీరు క్షమించాలా, వద్దా? క్షమించాలి. ఇందులో మీకు మినహాయింపు ఇవ్వలేను. కాకపోతే అందరూ ఒకే మాట కింద కలిపేసే రెండు పనులను సువార్తలు విడివిడిగా చెబుతున్నాయి. మార్కు 11:25లో, ప్రార్థనకు నిలబడినప్పుడు ఎవరి మీదనైనా విరోధం ఉంటే క్షమించమన్నాడు ప్రభువు. అక్కడ ఎదుటి మనిషి లేడు, అతను ఏమైనా ఒప్పుకున్నాడా లేదా అన్న ప్రసక్తే లేదు. అది మీకూ దేవునికీ మధ్య జరిగే పని: పగ తీర్చుకునే హక్కు వదులుకోవడం, అతను చెడిపోవాలని కోరుకోవడం మానేయడం. లూకా 17:3లో ఇంకోలా ఉంది. సహోదరుడు తప్పు చేస్తే గద్దించు, అతను మారుమనస్సు పొందితే క్షమించు అన్నాడు. ఇక్కడ ఇద్దరూ ఎదురెదురుగా ఉన్నారు, నిజం మాట్లాడుకుంటున్నారు. మొదటిది ఈ రాత్రే మీరు ఒక్కరే మొదలుపెట్టవచ్చు. రెండోదానికి అతను కూడా రావాలి. రెండోది జరగలేదని మిమ్మల్ని క్షమించలేని మనిషి అనడం తప్పు.

"క్షమించి మరచిపోండి" అన్న మాట మనుషులకు ఆజ్ఞగా బైబిల్లో ఎక్కడా లేదు. వారి పాపాలను ఇక జ్ఞాపకం చేసుకోనని యిర్మీయా గ్రంథంలో అన్నది దేవుడు, తనను గురించి. మనుషుల క్షమాపణ ఎలా ఉంటుందో చూడాలంటే ఆదికాండం చివరి అధ్యాయాల్లో యోసేపు ఉన్నాడు. అన్నలు గోతిలో పడేసి, ఇష్మాయేలీయులకు ఇరవై తులాల వెండికి అమ్మేశారు. చాలా ఏళ్ల తర్వాత కరవుకు తాళలేక ధాన్యం కోసం ఐగుప్తుకు వచ్చి, అప్పటికి అక్కడ అధికారిగా ఉన్న అతని ముందే సాగిలపడ్డారు. అతను వాళ్లను గుర్తుపట్టాడు, వాళ్లు గుర్తుపట్టలేదు. వెంటనే మెడ మీద పడి ఏడవలేదు. బెన్యామీను గోనెలో వెండి గిన్నె పెట్టించి, ఇప్పుడు ఈ తమ్ముణ్ణి కూడా వదిలేసి తమ దారిన తాము పోతారా అని చూశాడు. ఒకప్పుడు అమ్మేద్దామని సలహా ఇచ్చిన అన్న యూదాయే ముందుకు వచ్చి, చిన్నవాడికి బదులు నన్ను దాసుడిగా ఉంచుకో అన్నాడు. అప్పుడు యోసేపు తట్టుకోలేకపోయాడు. అందరినీ బయటికి పంపించి, అన్నల ముందు గొల్లున ఏడ్చాడు. ఆ ఏడుపులో కూడా అతని నోట వచ్చిన మాట "ఐగుప్తునకు వెళ్లునట్లు మీరు అమ్మివేసిన మీ సహోదరుడైన యోసేపును నేనే" అని. మీరు అమ్మేశారు అని చెప్పాడు, దాన్ని మెత్తబరచలేదు. ఆ వెంటనే భయపడకండి, నొచ్చుకోకండి అన్నాడు. ఆపైన అన్నలకూ వాళ్ల పిల్లలకూ తిండి పెట్టాడు. చేసిన పనిని ఉన్నదున్నట్టు చెప్పకుండా ఆ క్షమాపణ జరగలేదు. పరాయివాళ్ల ముందు వాళ్ల పరువు తీయకపోవడం కూడా గమనించండి. ఈ రెండూ మీకు పనికొస్తాయి.

మన దేశంలోనే, మన పక్క రాష్ట్రంలోనే, ఇంతకంటే ఘోరమైన నష్టాన్ని మోసిన ఒక స్త్రీ ఉన్నారు. 1999 జనవరిలో ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో ఆస్ట్రేలియా మిషనరీ గ్రాహం స్టెయిన్స్‌ను, ఫిలిప్, తిమోతి అనే ఇద్దరు చిన్న కొడుకులతో సహా, వాహనంలో నిద్రపోతుండగా తగలబెట్టి చంపారు. భార్య గ్లాడిస్ హంతకులను క్షమించానని చెప్పారు. బారిపదలో కుష్ఠు రోగుల మధ్య భర్త చేసిన సేవను కొనసాగించారు. 2005లో ప్రభుత్వం ఆమెకు పద్మశ్రీ ఇచ్చింది. ఆమె క్షమించినందువల్ల కేసు మూతపడలేదు. విచారణ జరిగింది, ప్రధాన నిందితుడికి పడిన యావజ్జీవ శిక్షను 2011లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. ఆమె వదులుకున్నది ద్వేషాన్ని. జరిగింది నేరం కాదని ఆమె ఎన్నడూ ఒప్పుకోలేదు.

ఇక పాస్టరు గారు ఎత్తిన రెండో మాట. "మనుష్యులు మీకు ఏమి చేయవలెనని మీరు కోరుదురో ఆలాగుననే మీరును వారికి చేయుడి." మత్తయి 7:12. ఇది విన్నాక మీరు నోరు మూసుకున్నారు, ఎందుకంటే "అతని స్థానంలో నేనుంటే క్షమించమనే అడుగుతాను కదా" అని మీకు తోచి ఉంటుంది. ఒక్క క్షణం నిజంగానే అతని స్థానంలో నిలబడి చూడండి. మీరు ఎవరి బంగారమో పోగొట్టారు. అది అప్పు కాదని నలుగురిలో అబద్ధం చెప్పారు. ఆ మనిషి కూర్చుని ఉండగానే దేవుడు నన్ను క్షమించాడని మైకులో చెప్పారు. ఆ అబద్ధంతోనే ముసలితనం దాకా బతకాలని మీరు కోరుకుంటారా? లేక మిమ్మల్ని ప్రేమించే మనిషి ఒకరు వచ్చి, తలుపు వేసి, "నువ్వు చేసింది ఇది, దీన్ని సరిదిద్దుకో" అని చెబితే బాగుండునని కోరుకుంటారా? నేనైతే రెండోదే కోరుకుంటాను. మీరూ అంతేనని మీ ఉత్తరం చదివితే తెలుస్తోంది. లేవీయకాండం 19లో, నీ వలె నీ పొరుగువానిని ప్రేమించు అన్న వాక్యానికి సరిగ్గా ముందు వచనం, సహోదరుని మీద మనసులో పగ పెట్టుకోవద్దు, అతన్ని తప్పక గద్దించు అని. గద్దింపు, ప్రేమ అక్కడ పక్కపక్కనే ఉన్నాయి.

తిక్కన గారి "ఒరులేయవి యొనరించిన" పద్యం మనందరికీ తెలిసినదే. ఇతరులు ఏం చేస్తే మన మనసుకు కష్టంగా ఉంటుందో దాన్ని మనం వాళ్లకు చేయకపోవడమే ధర్మాలన్నిటికీ ఆధారం అంటుంది. మీ మరిదిని నిలదీయడానికి ఆ ఒక్క పద్యం చాలు. ప్రభువు మాట మనల్ని ఇంకో అడుగు వేయమంటుంది: మానుకుంటే చాలదు, మేలు చేయాలి. ఆ అడుగు దగ్గర, సోదరీ, ఇప్పటిదాకా మీ పక్షాన మాట్లాడిన నేను మిమ్మల్నీ రెండు మాటలు అడగాలి.

ఒకటి, ఆ తొమ్మిదో తరగతి పిల్ల. ఆమె మీ దగ్గర ఏమీ తీసుకోలేదు. తండ్రి తాకట్టు సంగతి తెలుసో లేదో. పెద్దమ్మ ఎందుకు మొహం తిప్పుకుందో తెలియక ఆ గేటు దగ్గర ఎంతసేపు నిలబడిందో. మీ అమ్మాయికి ఎవరైనా ఇలా చేస్తే మీరు ఊరుకుంటారా? ఆ పిల్లను మీరే పలకరించండి. చదువు సంగతి అడగండి, పండగకు అరిసెలు వండితే ఒక డబ్బాలో పెట్టి ఇవ్వండి. ఇందుకు మీ మరిది ఏదీ ఒప్పుకోనక్కర్లేదు, ఏ పెద్దమనిషీ మధ్యలో రానక్కర్లేదు.

రెండు, ప్రార్థన అంశం. మనసు భారం దించుకోవడానికి ఒక నమ్మకమైన మనిషితో చెప్పుకోవడంలో తప్పు లేదు. అయితే ముప్పై మంది ఉన్న కూటంలో "మా మరిది గురించి ప్రార్థించండి" అంటూ మొదలుపెట్టి గొలుసు తూకంతో సహా చెప్పేస్తే, అది ప్రార్థన కోసం చెప్పినట్టు ఉండదు. అతని ముందు చెప్పవలసిన మాట అతను లేని చోట చెబుతున్నారు. అతను బంధువుల్లో మీ గురించి చేసింది ఇదే కదా. ఇక ఆపండి. ఎవరైనా అడిగితే "అతనితోనే మాట్లాడుకుంటున్నాను" అనండి.

ఆ మాట నిజం కావాలంటే మాట్లాడాలి మరి. మత్తయి 18లో దానికి వరస ఉంది. మొదట ఒంటరిగా వెళ్లి చెప్పు, వినకపోతే ఒకరిద్దరిని వెంటబెట్టుకుని వెళ్లు, అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పు. మీ విషయంలో మొదటి మెట్టు మీ ఇల్లే. మీ వారు ఉన్నప్పుడు అతన్ని పిలిపించండి. మీ తోడికోడలిని, అత్తగారిని ఆ రోజుకు పిలవవద్దు. మాట ఇలా ఉండవచ్చు: "నీ సాక్ష్యం విన్నాను. నువ్వు మోసం చేశానన్న వాళ్లలో నేనున్నానో లేదో నీ నోట వినాలని ఉంది. ఆ పన్నెండు కాసులు నేను ఊరికే ఇవ్వలేదు, నువ్వు విడిపిస్తానంటే తాకట్టు పెట్టాను. నీకు చెడు జరగాలని నేను కోరుకోవడం లేదు. అది అప్పేనని ఒప్పుకో. బంధువులకు చెప్పిన మాట సరిదిద్దు. ఎలా తీరుస్తావో చెప్పు." అంతవరకే చెప్పి ఊరుకోండి. అతను వెంటనే జవాబు చెప్పకపోతే ఆ ఖాళీని మీరు మాటలతో నింపవద్దు. పాత సంగతులు తవ్వవద్దు, అతని భార్య ప్రస్తావన తేవద్దు.

అతను ఒప్పుకుంటే కాగితం మీద రాయించుకోండి. ఇందులో అపనమ్మకమేమీ లేదు, లెక్క లెక్కే. బాకీ దావాకు మామూలుగా మూడేళ్ల గడువు. గడువు దాటిన బాకీనైనా తీరుస్తానని సంతకం చేసి రాసి ఇస్తే, ఆ మాటకు మన కాంట్రాక్టు చట్టంలో విలువ ఉంది. ఒక న్యాయవాదికి చూపించి రాయించుకుంటే మంచిది. నెలకు ఇంత అని తీర్చినా తీసుకోండి. తూకానికి తూకం అడగాలా, ఆనాడు ఇచ్చిన సొమ్ము చాలా అన్నది మీరూ మీ వారూ ముందే తేల్చుకోండి, ఎందుకంటే బంగారం ధర ఆనాటికీ ఈనాటికీ పొంతన లేకుండా పెరిగింది. కొంత వదులుకోవాలని మీకే అనిపిస్తే సంతోషం. వదులుకున్నదాన్ని అతనికి చెప్పి వదులుకోండి. "ఇంత నాకు రావాలి, ఇందులో ఇంత వదిలేస్తున్నాను" అన్నప్పుడే అది క్షమాపణ. చెప్పకుండా మింగేస్తే లోపల పుండవుతుంది.

కోర్టుకు వెళ్లవచ్చా అంటే, విశ్వాసులు ఒకరి మీద ఒకరు వ్యాజ్యానికి వెళ్లడాన్ని అపొస్తలుడైన పౌలు కొరింథు సంఘానికి రాసిన మొదటి పత్రిక 6వ అధ్యాయంలో గట్టిగా మందలించాడు. "అన్యాయము సహించుట మేలు కాదా" అన్న ఏడో వచనాన్ని మీకు తప్పకుండా చదివి వినిపిస్తారు. ఎనిమిదో వచనం కూడా చదవమనండి. అన్యాయం చేసి, సహోదరుల సొమ్మే అపహరిస్తున్నవాళ్లను అక్కడ నిలదీస్తున్నాడు. అయిదో వచనంలో, సహోదరుల మధ్య వ్యవహారం తీర్చగల బుద్ధిమంతుడు మీలో ఒక్కడైనా లేడా అని సంఘాన్నే సిగ్గుపరుస్తున్నాడు. అంటే కోర్టు వద్దనే సంఘం తానే కూర్చుని న్యాయం తీర్చాలి. ఆ పని చేయకుండా బాధితురాలిని మాత్రం సహించమనడం పౌలు మాట కాదు.

పాస్టరు గారి మీద నాకు కోపం లేదు. క్రిస్మస్‌కి ముందు ఒక కుటుంబం కలవాలని ఆయన ఆశ. ఆయనకు ఫిలేమోనుకు రాసిన పత్రిక చూపించండి, ఒక్కటే అధ్యాయం. యజమాని ఫిలేమోను దగ్గరి నుంచి వెళ్లిపోయిన దాసుడు ఒనేసిమును వెనక్కి పంపుతూ, అతన్ని చేర్చుకోమని అడుగుతున్నాడు పౌలు. "నష్టం సంగతి మరచిపో" అని మాత్రం అనలేదు. అతను నీకు బాకీ ఉంటే నా లెక్కలో వేయి, నేనే తీరుస్తాను అని తన చేతితో రాశాడు. రాజీ కోరేవాడు ఖర్చులో కొంత తన మీద వేసుకోవాలి. పాస్టరు గారు బంగారం కొనివ్వనక్కర్లేదు. మీ మరిదితో ఒక గంట కూర్చుని కష్టమైన మాట మాట్లాడితే చాలు.

ప్రభువు బల్ల దగ్గరికి ఈ నెల మొదటి ఆదివారమే వెళ్లండి. ప్రతి మనిషీ తనను తాను పరీక్షించుకుని ఆ రొట్టె తినాలన్నాడు పౌలు, ఇంకొకరు పరీక్షించి ఆపాలని ఆ వచనంలో లేదు. పగ వదిలేయాలన్న కోరిక మీలో ఉంది, అది పూర్తి కాలేదని బాధ కూడా ఉంది. ఆ బాధతోనే వెళ్లండి. అతని పేరు ఎత్తి ప్రార్థించండి. మొదట్లో ఆ పేరు గొంతులో అడ్డం పడుతుంది, అయినా ఎత్తండి.

ఇంత చేసినా అతను "అది అప్పు కాదు" అనే అంటే? సంఘం మాట కూడా విననివాణ్ణి అన్యునిగా, సుంకరిగా ఎంచమన్నాడు ప్రభువు. ఆయన సుంకరులను ఎలా చూశాడో మనకు తెలుసు. వాళ్ల ఇళ్లలో భోజనం చేశాడు, వాళ్ల సుంకం మాత్రం న్యాయమని అనలేదు. కాబట్టి పలకరింపు ఆపవద్దు, ఇకపై ఏ కాగితం మీదా అతని కోసం సంతకం పెట్టవద్దు, హామీ ఉండవద్దు, ఒక్క రూపాయి అప్పివ్వవద్దు. క్రిస్మస్ భోజనానికి వెళ్లేదీ లేనిదీ మీ ఇష్టం. వెళితే అత్తగారితో ముందే చెప్పండి: "మీ కోసం వస్తున్నానత్తయ్యా. అందరం సమాధానపడ్డామని మాత్రం ఎవరూ ప్రార్థనలో చెప్పవద్దు. అతను ఒప్పుకున్న రోజున ఆ మాట నేనే చెబుతాను."